రెంటచింతల ఎండలో నా మానవశాస్త్రం

ఎనభైల్లో మా పల్నాట ఎమ్మే చదివినవాడు నేలకు జానెడు ఎత్తున నడిచేవాడు; మానవశాస్త్రంలో ఎమ్మే అయితే మూరెడు. నకరికల్లు పక్కన మా ఊళ్లో ఆ పట్టాతో బస్సు దిగిన రోజు నుంచి నాకు మనుషులు కనబడటం మానేసి సంకేతాలు కనబడసాగాయి. అమ్మ గడపకు పసుపు రాస్తుంటే, అది ఇంటికీ లోకానికీ మధ్య గీసిన సరిహద్దని అరగంట వివరించాను. "ఆ సరిహద్దు దాటిపోయి రెండు బిందెలు నీళ్లు తేరా," అంది. పాపం, అజ్ఞానం అనుకున్నాను. (మా ప్రొఫెసర్లే నా దగ్గర సందేహాలు తీర్చుకునేవారని ఊళ్లో చెప్పేవాణ్ణి. నేను పాసైంది థర్డ్ క్లాసులో.)

ఆ మే నెలలో మా మేనమామ నన్ను రెంటచింతలకు పెళ్లిచూపులకు తీసుకెళ్లాడు. వాకిలంతా నాపరాళ్లు, మధ్యలో చిన్న తాటాకు పందిరి. ఆ నీడ కాస్తా మా కుర్చీలకే సరిపోయింది. నేను చెప్పులు కూడా విడవకుండా కాలు మీద కాలు వేసుకున్నాను. పట్నం చదువు మరి. అమ్మాయి మజ్జిగ గ్లాసులు అందించి పందిరి అవతల ఎండలో నిలబడింది. చూడగానే, ఈ పిల్ల కాదంటే నా బతుకు వృథా అనిపించింది. అంతలో ఆమె ఒక కాలు ఎత్తి దించింది, రెండోది ఎత్తింది, మళ్లీ మొదటిది. ఇంకేం, నాకు పూనకం వచ్చింది.

"చూశావా మావా! మాటల్లేకుండా దేహం పలికే అంగీకారం ఇది. పుట్టింటి నేల వదల్లేక, మెట్టినింటికి వెళ్లకుండా ఉండలేక ఆ పాదాలు ఊగిసలాడుతున్నాయి. కొన్ని తెగల్లో అయితే..."

"తెగల సంగతి అట్టా ఉంచండి. కాళ్లు కాలతన్నయ్," అంది అమ్మాయి. "నీడలో అంతా మీరే కూర్చుంటిరి. ఆ చెప్పులన్నా ఇటియ్యండి."

నేనే దయతలచి ఆమె పాదాల ముందు చెప్పులు పెట్టానని మనవలకు ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాను. అబద్ధం. ఆ గొంతుకు జడిసి విడిచాను. ఆమె కాళ్లు దూర్చిందో లేదో, వాళ్ల నాయనమ్మ చేతులు చరిచింది.

"అబ్బాయి చెప్పులే ఏసుకుంది! ఇంకా అడిగేదేంది, తాంబూలాలు తెండి!"

పెద్దలందరూ గంభీరంగా తలలూపారు. నేను పాదాల్లో అర్థం చూస్తే పిచ్చి, వీళ్లు చెప్పుల్లో చూస్తే ఆచారం! ఒళ్లు మండింది. అయినా నా కుర్చీ ఆమెకిచ్చి మర్యాద చూపుదామని, కాళ్లకు చెప్పుల్లేవన్నది మరిచి ఎండలోకి అడుగేశాను. నాపరాయి చుర్రుమంది. ఒక కాలు ఎత్తాను, దించాను, రెండోది ఎత్తాను.

"ఏందిరా అల్లుడూ," అన్నాడు మామ మజ్జిగ చప్పరిస్తూ, "నువ్వూ అంగీకరిస్తన్నావా? ఇంతకీ మనది ఏ తెగరా?"

వాకిలంతా నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది. వాళ్ల నాన్న మాత్రం నవ్వలేదు. "చెప్పుల సంగతి కాదు, నీ మాటేందమ్మా?" అన్నాడు.

ఆమె నా గెంతులు కాసేపు తీరిగ్గా చూసింది. "ఏసుకుంది కాళ్లు కాలి, ఒప్పుకుని కాదు. ఈయన అర్థాలు చెప్పటం మానేస్తే చేసుకుంటా."

"మానేశా," అన్నాను గాల్లో ఉండగానే.

ఇప్పటికీ ఆమె వేసవిలో మిద్దె మీద వడియాలు పెట్టటానికి నా చెప్పులే వేసుకుపోతుంది. తన జత గుమ్మంలోనే ఉంటుంది. నేను మెట్ల కింద వట్టికాళ్లతో నిలబడి, దీనికేదో అర్థం ఉందనుకుంటాను, గెంతుతున్న ఆ ఎమ్మే కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. పైకి మాత్రం అనను. మాటిచ్చాను కదా.