వినీత్‌కు పడిన మూడు ఓట్లు

దత్తాత్రేయ జీవితంలో ఒక్కసారి కూడా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడలేదు. కానీ ఆ ఆటకు అంపైరుగా టెక్సాస్ ఎండలో ఏళ్ల తరబడి పరిగెత్తాడు. డాలస్ పక్కన కాపెల్‌లోని తెలుగువాళ్లకు అది వింతగా ఉండేది. "క్రికెట్‌కి చేయొచ్చు కదండీ, హాయిగా ఒకచోట నిలబడి" అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

చీరాలలో పుట్టిన మనిషికి ఆ ఆట అంటుకున్నది మెల్‌బోర్న్‌లో. 2002లో కంపెనీ అక్కడికి పంపితే, ఆఫీసులో పక్క సీటతను ఒక శనివారం మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మైదానం, ఇంచుమించు అదే ఆకారంలో బంతి, రెండు చివరలా నాలుగేసి స్తంభాలు, పక్కవాడి భుజాల మీదికి ఎగిరి బంతిని గాలిలోనే పట్టేసే ఆటగాళ్లు. జనమంతా వాళ్లను చూస్తుంటే దత్తాత్రేయ చూపు మాత్రం మధ్యలో వెనక్కి వెనక్కి పరిగెడుతూ ఈల ఊదుతున్న మనిషి మీద నిలిచిపోయింది. అంత గోలలో ఎవరి పక్షమూ కానివాడు అతనొక్కడే. మరుసటి నెలలోనే అంపైరింగ్ శిక్షణలో చేరాడు.

2007లో ఉద్యోగం మారి అమెరికా వచ్చాడు. డాలస్ చుట్టుపక్కల ఆస్ట్రేలియన్లు, కొందరు అమెరికన్లు కలిసి నాలుగు జట్లతో ఒక చిన్న లీగ్ నడుపుకుంటున్నారని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాడు. వాళ్లకు అంపైర్లు దొరకడమే గగనంగా ఉంది. అంపైరు తొడుక్కునే పచ్చ చొక్కా చేతిలో పెట్టి మైదానంలోకి పంపేశారు.

ఆ లీగ్‌లో కప్పు కంటే పెద్ద గౌరవం ఒకటుంది. సీజన్ చివర ఒకే ఒక్క ఆటగాడికి ఇచ్చే పతకం అది. బాగా ఆడితే చాలదు, మచ్చ లేకుండా ఆడాలి. ఎవరికివ్వాలో తేల్చేది అంపైర్లే. ప్రతి మ్యాచ్ అయ్యాక ఇద్దరు అంపైర్లు పక్కకు వెళ్లి మాట్లాడుకుని, మేటి ఆటగాడికి మూడు ఓట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాతివాడికి ఒకటి వేసి కవరు అంటించాలి. సీజన్ ముగిశాకే వాటిని తెరుస్తారు. తెరిచాక కూడా, ఎవరికి వేద్దామని ఎవరన్నారో ఆ ఇద్దరూ బయటపెట్టకూడదు. ఈ పద్ధతి మీద ఏటా సణుగుడు ఉండేది. ఈలలు ఊదుతూ పరిగెత్తేవాళ్లకు ఆట ఏం కనబడుతుందనీ, తమతో మర్యాదగా ఉన్నవాళ్లకే వేసుకుంటారనీ అనేవాళ్లు. దత్తాత్రేయ ఆ మాటలు తనకు తగలకుండా చూసుకున్నాడు. మ్యాచ్ తర్వాత ఆటగాళ్లతో బీరు తాగడానికి కూడా నిలబడేవాడు కాదు.

అలాంటి మనిషి వినీత్‌ను ఆటలోకి తెచ్చాడు.

2010 వేసవిలో కాపెల్ పార్కులో కొందరు తెలుగు స్టూడెంట్లు వాలీబాల్ ఆడుతున్నారు. వాళ్లలో ఒకడు నెట్ మీదికి లేస్తుంటే దత్తాత్రేయ నడక ఆపి చూశాడు. కొత్తగూడెం కుర్రాడు. సింగరేణి క్వార్టర్లలో వాలీబాల్ ఆడుతూ పెరిగాడు. ఇక్కడ ఎం.ఎస్. చేస్తున్నాడు.

"ఇంకో ఆట ఉంది, చూస్తావా? నీలాగా ఎగిరేవాళ్లు కావాలి వాళ్లకి" అన్నాడు దత్తాత్రేయ.

"నాకు గీ వాలీబాల్ తప్ప ఏం రాదన్నా."

"ఎగరడం వచ్చుగా. మిగతాది వాళ్లు నేర్పుతారు."

వినీత్‌కు కారు లేదు. మొదటి సీజనంతా దత్తాత్రేయే తీసుకెళ్లి ఇర్వింగ్ జట్టు ప్రాక్టీసు దగ్గర దింపేవాడు. రెండో సీజన్‌కల్లా ఆ కుర్రాడు గాలిలో బంతిని పడుతుంటే అవతలి జట్టువాళ్లు కూడా ఈలలు వేసేవాళ్లు. ఆదివారాలు దత్తాత్రేయ ఇంట్లో భోజనం చేసేవాడు. దత్తాత్రేయ భార్య ఉమామహేశ్వరి వాడి కోసం గోంగూర ప్రత్యేకంగా ఎక్కువ కారంతో చేసేది.

ఇర్వింగ్ మ్యాచ్‌లు తనకు వద్దని దత్తాత్రేయ లీగ్ కమిటీని అడిగాడు. "ఉన్నదే నలుగురు అంపైర్లు. నువ్వు చేయకపోతే మ్యాచే ఉండదు" అన్నారు వాళ్లు. సరేనని చేశాడు.

2012 సీజన్ ఆఖరి లీగ్ మ్యాచ్ ఇర్వింగ్‌కీ ప్లేనోకీ మధ్య జరిగింది. ప్లేనో కెప్టెన్ ట్రావిస్ లీగ్ మొదలైన రోజు నుంచీ ఆడుతున్న ఆస్ట్రేలియన్. అందరికీ ఇష్టుడు. మోకాలు అరిగిపోయి ఆ ఏడాదితో మానేస్తున్నాడు. ఈసారి పతకం అతనికి రావాలని లీగంతా కోరుకుంటోంది. ఆ రోజు అతను బాగానే ఆడాడు. కానీ వినీత్ ఆడింది వేరే ఆట. ఆట ఆఖరి పావు భాగంలో ముగ్గురి తలల మీదుగా లేచి బంతిని పట్టినప్పుడు దత్తాత్రేయకు ఒళ్లు జలదరించింది. ఈల ఊదడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

మ్యాచ్ అయ్యాక దత్తాత్రేయ, రెండో అంపైరు గ్లెన్ ఓట్లు తేల్చుకోవడానికి పికప్ ట్రక్కు వెనక్కి వెళ్లారు. గ్లెన్ నీళ్లు తాగుతూనే, "మూడు మీ వినీత్‌కి. ఇందులో మాట్లాడుకునేదేముంది?" అన్నాడు.

"మూడు ట్రావిస్‌కి వేద్దాం. వినీత్‌కి ఒకటి చాలు."

గ్లెన్ సీసా దించాడు. "నువ్వూ నేనూ ఒకే మ్యాచ్ చూశామా?"

 ట్రావిస్ జట్టును నడిపించాడని దత్తాత్రేయ ఏదో నసిగాడు. గ్లెన్ ఒప్పుకోలేదు. చివరికి మూడు వినీత్‌కి, రెండు ఇంకొకడికి, ఒకటి ట్రావిస్‌కి వేసి ఇద్దరూ సంతకం చేశారు.

సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, మైదానం పక్కన షెడ్డులో, మాంసం కాలుతున్న వాసన మధ్య ఓట్లు చదివారు. చివరి కవరు తెరిచేదాకా ట్రావిస్ ముందున్నాడు. దాన్ని చదవగానే ఒక్క ఓటు తేడాతో పతకం వినీత్‌ది అయింది. చప్పట్లు మొదలయ్యాయి గానీ సగంలోనే సన్నగిల్లాయి. ట్రావిస్ లేచి వచ్చి చేయి కలిపాడు. వినీత్ మెడలో పతకం వేసుకుని సంతోషం ఆపుకోలేక అటూ ఇటూ చూస్తుంటే, వెనక బల్ల దగ్గర ఎవరో అన్నారు: "ఆ మ్యాచ్‌కి అంపైరెవరో చూశారా?"

సోమవారానికల్లా ఉమామహేశ్వరి ఉగాదినాడు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటో లీగ్ పేజీలోకి ఎక్కింది. అందులో వినీత్ వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. వెనక దత్తాత్రేయ గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాడు. కింద రాసినవాళ్లలో కొందరు వినీత్‌ను ఆ ఇంటి అల్లుడన్నారు. దత్తాత్రేయ కూతురు దేదీప్య అప్పటికి మిడిల్ స్కూల్లో ఉంది. ఆ పిల్ల చదివి ఏడ్చింది.

కమిటీ పిలిచింది. వినీత్ తనకు తెలుసని దత్తాత్రేయ చెప్పాడు, తనే తెచ్చానన్నాడు, ఆ మ్యాచ్‌లు వద్దని అడిగిన సంగతి గుర్తుచేశాడు. "మరి ఆ మూడు ఓట్లు ఎవరి ప్రతిపాదన?" అని అధ్యక్షుడు అడిగాడు.

అంపైర్లు అది చెప్పకూడదు. దత్తాత్రేయ గ్లెన్ వైపు చూశాడు. గ్లెన్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. "ఇద్దరం కలిసి నిర్ణయించాం" అన్నాడు దత్తాత్రేయ. గ్లెన్ తల కూడా ఊపలేదు.

బయట పార్కింగ్ లాట్‌లో గ్లెన్ అతన్ని ఆపాడు. "సారీ. ట్రావిస్, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజూ వీళ్లతోనే నా బతుకు."

దత్తాత్రేయ కారు డోరు తీసుకుని ఎక్కాడు.

వారం తిరక్కుండానే ఆ మ్యాచ్ ఓట్లు రద్దు చేశారు. పతకం ట్రావిస్‌కి ఇచ్చారు. ఎవరూ తప్పు చేశారనడం లేదనీ, ఆట మంచికోసమేననీ ప్రకటనలో రాశారు.

వినీత్ ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గరాజ్ ముందే నిలబడ్డాడు.

"మా అమ్మ బస్తీ అంతా మిఠాయి పంచిందన్నా. మా దగ్గర పేపర్ల నా ఫోటో గూడ వేసిన్రు. ఇప్పుడు ఏం చెప్పాలె నేను?"

"నీ తప్పేం లేదు వినీత్."

"నా తప్పు గురించి అడుగుతలేను. ఒక్కటి చెప్పుండ్రి. నేను మీవోణ్నని వేసిన్రా ఆ మూడు?"

దత్తాత్రేయకు అబద్ధం చెప్పే అవకాశం అక్కడే ఉంది. నువ్వు ఆడావు కాబట్టే వేశాను అంటే సరిపోయేది. అందులో సగం నిజం కూడా. కానీ ఆ కుర్రాడి ముఖం చూస్తూ అనలేకపోయాడు.

"ఆ మూడూ గ్లెన్ వేయించాడు. నేను నీకు ఒకటి చాలన్నాను."

వినీత్‌కు మొదట అర్థం కాలేదు. "ఒకటా? నేను మంచిగ ఆడలేదా?"

"నువ్వే అందరికన్నా బాగా ఆడావు. నా మనిషివని అందరూ అంటారని భయమేసింది."

 వినీత్ నెమ్మదిగా అడిగాడు. "మిగతా మ్యాచ్‌లల్ల?"

దత్తాత్రేయ తల దించుకుని చెప్పాడు. మూడు రావలసిన చోట రెండు, రెండు రావలసిన చోట ఒకటి. ఒకసారి అసలేమీ వేయించలేదు. అప్పుడు పక్కనున్న అంపైర్లు గ్లెన్‌లా పట్టుబట్టలేదు.

"అంటే గా లాస్ట్ మ్యాచ్ లేకున్నా పతకం నాదేనా?"

"అవును."

"వాళ్లు నన్ను బయటోడనుకున్నరు, సరే. మీరు గూడ నన్ను తూకం తక్కువేసిన్రు, అన్నా." వినీత్ మెట్ల మీద పెట్టిన బ్యాగు తీసుకుని బస్సు స్టాపు వైపు నడిచాడు. కారులో దింపుతానన్నా వెనక్కి తిరగలేదు.

లోపల ఉమామహేశ్వరి అంతా విన్నది. దత్తాత్రేయ తండ్రి లెక్కల మాస్టారు. కొడుకని జనం ఏమన్నా అనుకుంటారని ఆయన తన పేపర్లకి కావాలని మార్కులు తక్కువేసేవారని కూతురితో ఎన్నోసార్లు చెప్పేటప్పుడు భర్త ఎంత గర్వపడేవాడో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ మాట ఎత్తింది. "మామయ్యగారు మార్కులు తక్కువేసినప్పుడు మీకెలా ఉండేదండీ?"

"ఏడుపొచ్చేది" అన్నాడు దత్తాత్రేయ. ఆ మాట అతను అంతవరకూ ఎవరితోనూ అనలేదు.

డిసెంబరులో లీగ్ సర్వసభ్య సమావేశం జరిగింది. దత్తాత్రేయ లేచి నిలబడి అంతా చెప్పాడు. ట్రక్కు వెనక జరిగింది, అంతకుముందు మ్యాచ్‌ల్లో తను చేసింది. "వినీత్‌కు నేను మేలు చేయలేదు, అన్యాయం చేశాను. పతకం అతనిది" అన్నాడు. గ్లెన్‌ను అడిగారు. తనకు అంత స్పష్టంగా గుర్తులేదన్నాడు గ్లెన్.

అధ్యక్షుడు చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. "సీజనంతా ఓట్లు వంకర వేశానని నువ్వే అంటున్నావు. ఇప్పుడు చెప్పేది మాత్రం ఎలా నమ్మాలి?" గోప్యత ఉల్లంఘించినందుకు అంపైర్ల జాబితాలోంచి అతని పేరు తీసేశారు. పతకం సంగతి మళ్లీ తెరవలేదు.

రెండు రోజుల తర్వాత వినీత్ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "నాకు రెడ్‌మండ్‌ల జాబ్ వచ్చింది. పోతున్న. నా పేరు ఇంకెక్కడా తీయకుండ్రి అన్నా. మీకు మనసు తేలికైతదేమో గాని, నన్ను మళ్ల అందరూ చూస్తున్నరు."

దత్తాత్రేయ సరేనన్నాడు. తర్వాత చేసిన ఫోన్లకు జవాబు రాలేదు. రెడ్‌మండ్ దగ్గర్లో కూడా ఆ ఆట ఆడే జట్టు ఉందనీ, వినీత్ అటువైపు వెళ్లనే లేదనీ తెలిసినవాళ్ల ద్వారా విన్నాడు. వాలీబాల్ కూడా ఆడుతున్నట్టు లేదన్నారు.

మరుసటి ఏడాది గ్లెన్ అంపైర్లందరికీ పెద్ద అయ్యాడు. 2015లో అంపైర్లు మరీ కరువై కమిటీ దత్తాత్రేయకు కబురుపెట్టింది, పాతవి మరిచిపోదామంది. ఆయన వెళ్లలేదు. ఉదయాలు చెరువు చుట్టూ ఒక్కడే పరిగెడుతుంటాడు. అంపైరింగ్ ఎందుకు మానేశారని తెలుగువాళ్లెవరైనా అడిగితే, మోకాళ్లు సహకరించడం లేదంటాడు.