నడి ఏట్లో అన్న మాట

అవి యాభయ్యో దశకం తొలి రోజులు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పంతులమ్మ చదువు కోసం రోజూ మా పేట నుంచి వైనతేయ రేవు దాటి అమలాపురం వైపు వెళ్లేదాన్ని. పొద్దున్నే ఏటి మీద పల్చగా మంచు పరుచుకుని ఉండేది. ఒడ్డున కొబ్బరిచెట్లు నీళ్లలోంచి మొలిచినట్టు కనిపించేవి. తెడ్డు చప్పుడు వింటూ కూర్చుంటే కలలో తేలిపోతున్నట్టే ఉండేది.

ఆ కలలోకి ఒకాయన చెయ్యి వచ్చింది. ఆయన ఊళ్లో పెద్దమనిషి. పడవ ఊగినప్పుడల్లా ఆ చెయ్యి నా నడుముకి తగిలేది. ఊగకపోయినా తగిలేది. పైగా "సర్దుకు కూర్చోవే" అని నన్నే కసిరేవాడు. కూలివాళ్ల పిల్ల నోరెత్తదని ఆయన ధీమా.

ఓ రోజు నడి ఏట్లో లేచి నిలబడ్డాను. నోటికొచ్చినట్టు తిట్టాలనుకున్నాను గానీ, అలవాటైన నోరు కదా, "మీకు సిగ్గు లేదాండీ? చెయ్యి తియ్యండి!" అనేశాను.

తెడ్డు ఆగిపోయింది. చేపల తట్టతో కూర్చున్న ముసలామె ఆయన్ని ఎగాదిగా చూసి, "ఆయ్, పిల్ల అడుగుతోంది కదండీ, చెప్పండి మరి!" అంది. పడవంతా గొల్లున నవ్వింది. ఆయన తల దించుకుని దూరంగా జరిగాడు.

అలాంటివాణ్ణి కూడా 'అండీ' అన్నానే అని ఇంటికెళ్లేదాకా నా మీద నాకే చిరాకు.

మర్నాడు రేవులో మంచు అలాగే ఉంది. రోజూ నన్ను "ఎక్కు" అని కేకేసే పడవవాడు, ఆ రోజు తెడ్డు పక్కన పెట్టి "ఎక్కండి" అన్నాడు.

నా జన్మలో నాకు దక్కిన మొదటి 'అండీ' అదే.