దత్తన్న సీడీలు, నేను వేసిన డాంబర్ గోళీలు

నిన్న పొద్దున నా ఫోన్ మూడుసార్లు మోగింది.

స్క్రీన్ మీద దత్తన్న పేరు. రెండుసార్లు ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు.

మూడోసారి ఎత్తితే వదిన గొంతు. "అన్న పోయిండు" అంది. అంతే.

స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడట. హార్ట్ అటాక్. హాస్పిటల్‌కు తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

మూడు కాల్స్ తనే చేశానని వదిన తర్వాత చెప్పింది. నమ్మాలనే ఉంది. కానీ మొదటి కాల్ ఆయనే చేశాడేమోనని నిన్నటి నుంచి ఫోన్ తీసి ఆ టైమ్ చూసుకుంటూనే ఉన్నాను.

ఎందుకు ఎత్తలేదో ఈరోజు అందరి ముందు చెప్పాలి.

మన నాందేడ్ మార్కెట్‌లో దత్తన్నది పైపులు, మోటార్ల దుకాణం. ఎదురుగా మాది చీరల షాప్. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. సొంత అన్న లేని లోటు నాకు ఆయన వల్లే తెలియలేదు.

ఆయనకు ఒకే ఒక పిచ్చి. పాతకాలం జాజ్ పియానో రికార్డులు మళ్లీ సీడీలుగా వస్తాయి కదా, అవి కొనడం. ముంబైకి సరుకు కోసం వెళ్లి, వాన పడుతుంటే ఒక సీడీల షాప్‌లో నిలబడ్డాడట. అక్కడే మొదటిసారి ఆ పియానో విన్నాడు. ఇంగ్లిష్ సరిగ్గా రాని మనిషి, పార్సిల్స్ మాత్రం జపాన్ నుంచి తెప్పించేవాడు.

బాబ్లీ, కర్ఖేలి లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు మోటార్ కోసం వచ్చేవారు. కౌంటర్ వెనక పియానో నడుస్తూ ఉండేది. ఒక పెద్దాయన అరగంట ఓపిగ్గా విని, పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు. దత్తన్న నవ్వీ నవ్వీ ఆయనకు రెండు చాయ్‌లు తాగించి పంపాడు.

ఒకే ఆల్బమ్‌ను మూడుసార్లు కొనేవాడు. బుద్ధుందా అన్నా అని నేనే తిట్టాను. ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి రెండు సీడీలు పక్కపక్కనే వినిపించాడు. ఒకదాంట్లో పియానో వెనక సన్నగా టక్ టక్ అని చప్పుడు. వాయించేవాడు కాలితో తాళం వేస్తున్నాడు. ఇంకోదాంట్లో కంపెనీ వాళ్లు ఆ చప్పుడు తుడిచేశారు.

"ఈ కాపీల మనిషి ఉన్నడు చూడు. గా కాపీల ఉత్త పియానో ఉన్నది" అన్నాడు.

నాకు ఆయన పిచ్చి అర్థమైంది ఆ ఒక్క రోజే.

అవి పాడవుతాయని ఆయనకు ఎప్పుడూ భయం. ఒక్కో సీడీని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని, ఎక్కడైనా చిల్లి పడిందేమోనని చూసుకునేవాడు. చాలావరకు ఇప్పుడు ప్రింట్‌లో లేవు. పోతే మళ్లీ దొరకవు.

మొన్న వానాకాలానికి ముందు ఆయన ఇంటి స్లాబ్ కురుస్తోందని రిపేర్ పెట్టుకున్నారు. సీడీలన్నీ రెండు పెట్టెల్లో సర్ది నా దగ్గర దాచమన్నాడు. ఇంకెవరినీ నమ్మలేదు.

నేను ఎంత ప్రేమగా దాచానో చెబుతాను. మా షాప్‌లో తాత కాలం నుంచీ వానాకాలం పట్టుచీర మూట కట్టాలంటే పురుగు పట్టకుండా డాంబర్ గోళీలు, అదే నాఫ్తలీన్ ఉండలు, వేయాల్సిందే. చీరకు నాలుగు వేస్తాం. అన్న సరుకని పెట్టెకు రెండు దోసిళ్లు వేసి, టేప్ గట్టిగా అంటించి, మా ఇంటి బీరువాలో పెట్టి తాళం వేశాను.

దసరా అయ్యాక తెరిచాను.

ప్లాస్టిక్ కేసులన్నీ పాలలా తెల్లబడ్డాయి. మూలలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ గోళీల ఆవిరికి అలాంటి ప్లాస్టిక్ కరుగుతుందట. నాకేం తెలుసు? చీరకు ఏమీ కాదు కదా.

పెట్టె మూసేశాను. లోపల సీడీలు బతికాయో లేదో చూసే ధైర్యం రాలేదు.

అప్పటి నుంచి ఆయన ఎదురుపడితే ఏదో పని ఉన్నట్టు షాప్ లోపలికి తప్పుకునేవాణ్ని. అడిగిన ప్రతిసారీ భద్రంగా ఉన్నాయన్నాను. తెచ్చివ్వమంటే మా ఇంట్లో పెయింటింగ్ నడుస్తోందని ఒకసారి, బీరువా తాళం చెవి మా ఆవిడ దగ్గరుందని ఒకసారి. ఇక ఆగలేక, ఈ ఆదివారం తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు.

నిన్న శుక్రవారం.

వదిన మాట విన్నాక మొదటి క్షణం నా మనసులో ఏమొచ్చిందో రాయకపోతే ఈ పోస్ట్ అబద్ధమవుతుంది. ఆదివారం ఇక రాడు అనుకున్నాను. హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది. నన్ను చూసి నేనే భయపడ్డాను.

ఈరోజు పొద్దున రెండు పెట్టెలూ ఆటోలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. వదిన కాళ్ల దగ్గర పెట్టి మొత్తం చెప్పాను. ఆమె ఆ తెల్లబడ్డ కేసులను వేలితో తడిమి చూసింది. తర్వాత ఒకటి విరిచి సీడీ తీసి, ఆయన ప్లేయర్‌లో పెట్టమంది. సూతకంలో పాటలేమిటని ఒక పెద్దామె అడ్డం చెప్పింది.

"దీంట్ల పాట లేదు గద. పెట్టు" అంది వదిన.

డిస్క్ తిరిగింది. చప్పుడు లేదు. తర్వాత పియానో వచ్చింది.

రెండోది పెట్టాను. తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆగిపోయింది.

వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మిగిలినయి తీస్కపోయి ఒక్కొక్కటి పెట్టి చూడు. ఏవి పోయినయో నాకు చెప్పాలె. ఈసారి దాయకు" అంది.

పెట్టెలు మళ్లీ నా దగ్గరే ఉన్నాయి. నూట ముప్పై దాకా ఉంటాయి. ప్రతిదానికీ పియానో వస్తుందో రాదో తెలిసే ముందు ఆ చప్పుడు లేని కొన్ని సెకన్లు ఉంటాయి.

దత్తన్నా, నువ్వు నిశ్చింతగా పోయి రా. నీ ఆత్మకు శాంతి దొరకాలి. వీటి కోసం భయపడే పని ఇక నాది.