తమిళ క్యాసెట్టులో ఇంకేముంది?

మొన్న ఆదివారం మా మేనకోడలు నెల్లూరు నుంచి వచ్చి, వసారాలో రొయ్యపొడి పొట్లాలు కడుతున్న నా ముందు ఫోను పెట్టింది. చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళ కోసం వాళ్ళ ఆఫీసువాళ్ళు ఏదో తయారుచేశారట; చదువు రాకపోయినా ఫరవాలేదట, తెలుగు, తమిళం, ఉర్దూ, ఏ భాషలో అడిగితే ఆ భాషలో నోటితోనే జవాబు చెబుతుందట. పొడి అమ్మడానికి కావలసిన లైసెన్సు సంగతి అడిగాను. ఒక ఆడగొంతు గడగడా చెప్పేసింది. తడబాటు లేదు, దగ్గు లేదు, ఏ ఊరి యాసా లేదు. నాకు అక్కడే అనుమానం వచ్చి, ఇదే ప్రశ్నకు తమిళంలో జవాబు వినిపించమన్నాను. తమిళం రాని నీకెందుకత్తా అని ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వదా మరి, దానికి మా మేనత్త తెలియదుగా!

టేపురికార్డర్ల కాలం మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. చదువు ముగించి ఇంట్లో కూర్చున్న నాకు అప్పట్లో ఒక స్వచ్ఛంద సంస్థలో పని దొరికింది. చిట్టమూరు వైపు ఒక సంతలో ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళకు కొత్త షెడ్డు కడుతున్నారు, అందులో చోటు కావాలంటే గడువులోగా పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి పేరు రాయించుకోవాలి. సగంమందికి చదువు రాదు, పైగా కొందరిది తెలుగు, కొందరిది తమిళం, కనుక కాగితాలకు బదులు క్యాసెట్లు చేద్దామని మా పెద్దసారు ఆలోచన. తెలుగుకు గొంతు నాది. తమిళానికి, సరిహద్దు అవతలి నుంచి వచ్చి మాతో పనిచేస్తున్న ఒక అక్కది. చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపి, తలుపులు మూసి, చెమటలు కక్కుతూ చదివితే, చివరికి నా క్యాసెట్టులో కాకి అరుపు పడింది. అయినా అంత గొప్పగా చదివినవాళ్ళు జిల్లాలోనే లేరని నా నమ్మకం.

ఆ సంతలోనే మా మేనత్త ఎండుచేపలు అమ్మేది. పిల్లలు లేరు, మామ పోయాడు, గోనెపట్టా పరుచుకునే ఆ కాస్త చోటే ఆమెకు ఆధారం. నేను గర్వంగా క్యాసెట్టు పెట్టి వినిపిస్తే, వక్క నములుతూ ఆసాంతం విని, లేచి, పక్క వరసలో మోగుతున్న తమిళ క్యాసెట్టు దగ్గరికి వెళ్ళి అదీ విన్నది. బేరానికి సరిపడా నాలుగు ముక్కలు తప్ప ఆమెకు తమిళం రాదు. తిరిగొచ్చి నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఏందమ్మే, నీది ముందే ఆగిపొయ్యిందే? అరవం వాళ్ళకి ఇంకా ఏందో చెప్తా ఉండారు!"

భాష తేడా అన్నాను. వినలేదు. పోనీ ఆ తమిళం వాళ్ళనే అడగమంటే, అడిగితే మాత్రం నిజం చెప్తారా అంది. పొద్దు వాలేసరికి ఆ అనుమానం వరసంతా పాకింది. తెలుగువాళ్ళు తమిళంవాళ్ళతో మాటలు మానేశారు, ఆ దాచిన మాటేదో తేలేదాకా పేర్లు రాయించుకునేది లేదన్నారు. గడువేమో ముంచుకొస్తోంది. సొంత మేనత్తే నన్ను నమ్మలేదని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే వెళ్ళి తమిళ అక్కను నిలదీశాను. ఆమె క్యాసెట్టు వేసి, చివరి మాటల అర్థం చెప్పింది: చోటు లేదంటే ఊరుకోకండి, కారణం చెప్పమని అడగండి, అప్పటికీ ఇవ్వకపోతే నెల్లూరు వెళ్ళి పై అధికారికి చెప్పుకునే హక్కు మీకుంది. నేను చదివిన దాంట్లో ఆ మాటలు లేనే లేవు. సారును అడిగితే కిటికీ వైపు చూస్తూ, అవి వింటే జనం గొడవకు దిగుతారని తరవాత తీసేయించానన్నాడు. తమిళం ఆయనకు రాదు గనక, అప్పటికే తమిళంలోకి మార్చిన దాంట్లో అవి ఉండిపోయిన సంగతి ఆయనకు తెలియలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి సంతలో ఆ చేపల మధ్య నిలబడి, తీసేసిన మాటలు నా నోటితో నేనే చెప్పాను. అత్త మళ్ళీ గడ్డం పట్టుకుంది.

"ఇది నీ మాటేనా, వాళ్ళు చెప్పమనిందా?"

నాదే అన్నాను. "అయితే పదండి మే" అని కుచ్చిళ్ళు దోపుకుని లేచింది, వెనకే వరసంతా లేచింది. అనుకున్నట్టే ఆమెకు మొదట చోటు లేదన్నారు. కారణం చెప్పేదాకా కదలనని అక్కడే చతికిలబడింది మహాతల్లి. చోటొచ్చింది. నా గొంతు మాత్రం ఆ సంస్థకు మళ్ళీ అవసరం పడలేదు, అందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

ఇంతలో మేనకోడలు తమిళం వినిపించింది. చెవొగ్గి విన్నాను. తెలుగు ఎంతసేపు మోగిందో, అదీ అంతసేపే మోగి ఆగింది. నా మనసు కుదుటపడాలి గదా, పడలేదు. రెండింట్లోంచీ తీసేసి ఉంటే? ఆ మాటే పైకి అని, ఇవి నీ మాటలేనా అని అడిగాను. నావి కాదత్తా, ఎవరు రాస్తారో నాకూ తెలియదు అంది, ఈసారి నవ్వకుండా. మా రోజుల్లో మోసమూ ఉండేది, అనుమానమూ ఉండేది. కానీ అనుమానం తీర్చుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేది. ఫోను చేతిలోకి తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. పట్టుకోవడానికి గడ్డం ఎక్కడా కనిపించలేదు.