రెండు వేళ్ళ గట్టు

స్నానాలగది గుమ్మంలో గట్టు లేకపోతే మేస్త్రీకి పని పూర్తయినట్టే ఉండదు. కట్టిన ప్రతి గట్టునీ చివర బొటనవేలితో, పసివాడి బుగ్గ నిమిరినట్టు నిమురుతాడు. ఈ ఇంట్లో మాత్రం తల్లి చక్రాల కుర్చీ నేరుగా షవర్ కిందికి వెళ్ళేలా నేల చదునుగా ఉండాలని కొడుకు ముందే చెప్పాడు. మేస్త్రీ నీళ్ళు పోయేందుకు వాలు చక్కగానే తీశాడు. కాని అలవాటుపడిన చెయ్యి ఊరుకోక, రెండు వేళ్ళ ఎత్తు గట్టు కట్టేసింది.

సిమెంటు ఆరాక, ఇన్నేళ్ళూ సిగ్గుపడుతూనే కొడుకు చేత స్నానం చేయించుకున్న తల్లి, ఇక ఒంటరిగా చేయవచ్చని తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. చక్రాలు గట్టుకు కొట్టుకుని ఆగిపోయాయి.

"రెండు వేళ్ళే కదమ్మా! రేపు పగలగొట్టేస్తాను," అన్నాడు మేస్త్రీ.

"నీకు వేళ్ళు నాయనా. నాకు గోడ."

కొడుకు కుర్చీని వెనక్కి వంచి, గట్టు దాటించి, తనూ లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకునేలోపే, ఎప్పటిలాగే, ఆమె కళ్ళు మూసుకుంది.