మాకంటే ముందు వెళ్ళిన మూట

మొన్న ఆదివారం పొద్దున నేను పప్పుకు పోపు వేస్తుండగా బెంగళూరు నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, బాగున్నావా అన్న పలకరింపైనా లేకుండా, "అత్తా, ముందు ఇల్లు చూసుకోవాల్నా, ముందు వీసా తెచ్చుకోవాల్నా?" అని అడిగింది. పోపు మాడింది. నా వంటింట్లో అది వార్త కాదు గనుక దాని సంగతి వదిలేద్దాం. ఆ పిల్ల భర్తతో, ఐదేళ్ళ కూతురితో ఐర్లండ్‌కు కాపురం మారుస్తోంది. అక్కడ ఇల్లు చూపించే ఏజెంటేమో మనిషి వచ్చి ఎదురుగా నిలబడితేనే తాళం ఇస్తానంటున్నాడట, ఇక్కడ వీళ్ళ వీసా కాగితాలు చూస్తున్న ఆయనేమో అక్కడి అడ్రసు ఉంటే పని తేలిగ్గా అవుతుందని రోజూ నస పెడుతున్నాడట. ఈలోగా బెంగళూరు ఇంటికి ఖాళీ చేస్తామని చెప్పాలా వద్దా, పిల్లను బడి మాన్పించాలా వద్దా అని కంప్యూటర్‌లో రంగురంగుల గళ్ళు గీసుకుని, ఏ గడి ముందు నింపాలో తెలియక నాకు ఫోన్ చేసింది. గళ్ళనుడి కూడా సగంలో వదిలేసే నాకు!

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎక్కడో లోపల చెమ్మ కూడా తగిలింది. మన ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషిని పంపి, విమానం బొమ్మ ఉన్న కవరు కోసం వాకిట్లో నిలబడిన నా ఈడు వాళ్ళకు, ఈ ప్రశ్న ఎంత పాతదో నేను చెప్పాలా?

మా ఆయన ఆ రోజుల్లో మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక మండీలో గుమస్తా. కాయను చేతిలో ఒకసారి తిప్పి చూసి, ఇది మద్రాసు దాకా తట్టుకుంటుంది, ఇది పలమనేరు దాటితే రసమే అని తేల్చేసేవారు. నన్ను చూసి మాత్రం ఏమీ తేల్చలేకపోయేవారు, అది వేరే సంగతి. ఆ కంటిచూపు పుణ్యమా అని మస్కట్‌లో కూరగాయలు దింపుకునే ఒక కంపెనీ ఆయనను సూపర్‌వైజరుగా తీసుకుంది. కొన్నాళ్ళు పనిచేశాక, ఈ ఏడాదిలోగా కావాలంటే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చింది. ఏడాది దాటితే మళ్ళీ అడగాలి, మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పెళ్ళినాటి ఫోటోతో కాపురం చేస్తూ, భర్త సెలవు మీద వచ్చినప్పుడు కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసేవాళ్ళు. మా పాప అప్పటికే నాన్న అంటే నీలం అంచు కవరు అనుకునే దశకు వచ్చేసింది. పోస్ట్‌మ్యాన్ కనబడితే "మా నాయిన వచ్చినాడా?" అని అడిగేది. ఆ ఏడాది దాటకూడదని, నా కాపురం కవర్లో జరగకూడదని, నేను మొక్కని దేవుడు లేడు.

ఇక మా ఆయన వీసాకు కూడా టమాటా లెక్కే వేశారు. పండిన కాయను లారీ ఎక్కించకూడదు, దోరగా ఉన్నప్పుడే ఎక్కిస్తే దారిలో పండుతుంది. కనుక, ఇల్లు చూశాను, వీసా దోరగా ఉంది, మీరు సామాను సర్దుకోండి అని ఉత్తరం రాశారు. ఆయన మాట మీద మదనపల్లెలో అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాను. ఇంటాయన మరుసటి రోజే పట్టుపురుగుల వ్యాపారి ఒకాయనకు మాటిచ్చేశాడు. వీధి వీధంతా మాకు భోజనాలు పెట్టి, పసుపు కుంకుమతో రవికగుడ్డలు పెట్టి, ఎదురింటామె కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుని సాగనంపింది. అన్నీ పెట్టారు గానీ వీసా పెట్టేవాడు మాత్రం పెట్టలేదు.

జరిగిందేమిటంటే, మా ఆయన చూసిన ఇంటి యజమాని ఒక ముసలాయన. అంతకు ముందు ఎవరో కుర్రాళ్ళు భార్యాపిల్లలు వస్తున్నారని చెప్పి ఇల్లు తీసుకుని, తర్వాత గదికి ఆరేడుగురు చొప్పున దిగి, ఆ ఇంటిని సత్రం చేశారట. అందుకని ఆయన, నీ కుటుంబాన్ని నా కళ్ళారా చూశాకే ఇంటి కాగితం మీద సంతకం పెడతానని కూర్చున్నాడు. ఆ సంతకం ఉన్న కాగితం చూపిస్తేనే మాకు వీసా ఇస్తారు. మేము కనబడాలంటే వీసా రావాలి, వీసా రావాలంటే మేము కనబడాలి. వీసా వీసమెత్తు కదల్లేదు. మదనపల్లెలో నేను పడ్డ మథనం ఇంతా అంతా కాదు.

ఖాళీ చేసిన ఇంట్లో ఉండలేక, సాగనంపిన వీధిలో తలెత్తలేక, పాపను తీసుకుని పుంగనూరులో మా అత్తగారి దగ్గరకు చేరాను. ఆమె మా బావగారింట్లో ఉంటూ, మోకాలెత్తు పొట్టి ఆవు ఒకదాన్ని పెంచుకుంటూ, ఆ ఆవుకన్నా కాస్త ఎత్తుగా ఉండేది. అక్కడా అదే తంతు. మస్కట్ పోతోందట అని చుట్టుపక్కల వాళ్ళు మళ్ళీ భోజనాలకు పిలిచారు, మళ్ళీ రవికగుడ్డలు. తిన్న వారం తర్వాత కూడా నేను కూరగాయల అంగడి దగ్గర కనబడేసరికి ఒకామె నడివీధిలో నిలబడి, "ఏమ్మా, ఇంగా ఈడనే ఉండావా? మస్కట్ ఏమన్నా పుంగనూరుకే వస్తాందా?" అని అడిగింది. ఆ రోజు నుంచి కూరగాయలకు బావగారే వెళ్ళేవారు.

మా అత్తగారికి మాత్రం దిగులు వేరే. శుక్రమూఢం ముంచుకొస్తోంది, మూఢం పడితే కోడలూ మనవరాలూ కొత్త కాపురానికి గడప దాటకూడదు. వీసావాళ్ళకు ఆ సంగతి తెలియదు, తెలిసినా పంచాంగం చూసి స్టాంపు వేయరు. దీనికి ఆమె ఎరిగిన విరుగుడు ఒకటే, ప్రస్థానం. చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. మంచి ఘడియ ఉన్నప్పుడు మనిషి కదలలేకపోతే, ఆ మనిషి బట్టల మూటను ప్రయాణం సాగే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తారు. మూట కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. మేము రైలెక్కాల్సింది కుప్పంలో గనుక, కుప్పంలో మా చిన్నమ్మ ఇంటికి మూట వెళ్ళాలని తీర్మానమైంది. నా చీర ఒకటి, పాప పువ్వుల గౌను ఒకటి, పసుపు కొమ్ములు, పిడికెడు బియ్యం కలిపి అత్తగారు ముందు రాత్రే మూట కట్టి, తెల్లవారుజామున బావగారి చేతికిచ్చి బస్సెక్కించింది. బయటికి కనబడకుండా నేను ముసిముసిగా నవ్వుకున్నాను. నాలుగు ముక్కలు చదువుకున్నదాన్ని కదా, ఆ మాత్రం నవ్వకపోతే చదువుకు అవమానం.

అదే రోజు పాప చెప్పులు పోయాయి. ఎర్రటి పట్టీల చిన్న చెప్పులు, మదనపల్లె సంతలో కొన్నవి. ఇల్లంతా వెతికి, ఆవు కొట్టంలో కూడా వెతికి, చివరికి కుక్క ఎత్తుకుపోయిందని తేల్చి పాపను నాలుగు తిట్టాను. పాప వెళ్ళి ఆవు వెనక నక్కింది.

నిలిచిన చోటల్లా జనం ప్రశ్నలకు జవాబు చెప్పలేక, మూట వెనకే మేమూ కుప్పం చేరాము. చిన్నమ్మ ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర. బండి కూత వేసినప్పుడల్లా పాప ఉత్తి కాళ్ళతో వాకిట్లోకి పరిగెత్తేది, నా గుండె దాని వెనకే పరిగెత్తేది. రెండు వైపుల నుంచీ బళ్ళు వచ్చి పోతున్నాయి, మా బండి మాత్రం రాదు. వీసా రాలేదు గానీ విసుగు మాత్రం రోజూ వచ్చేది.

ఇంతలో మా అత్తగారు పుంగనూరు నుంచి తానే దిగింది. వస్తూనే మూట ఎక్కడుందని అడిగింది. చిన్నమ్మ దేవుడి గూటి పక్కన చూపిస్తే, తల పట్టుకుని కూలబడిపోయింది. ప్రస్థానానికీ గడువు ఉంటుందట. పెట్టిన కొద్ది రోజుల్లో మనిషి బయల్దేరకపోతే అది చెల్లదట. వీసాకు గడువు, అనుమతికి గడువు, చివరికి మూటకు కూడా గడువే! పోనీ మూటను వెనక్కి తెచ్చుకుని ఇంకో మంచిరోజు చూద్దామని నేనంటే, ఆమె అంతెత్తున లేచింది.

"పరస్తానం ఎనక్కి రాకూడదమ్మా! ముందుకే పోవల్ల. యాడికైనా పోనీ, ముందుకు పోవల్ల!"

"ముందుకంటే ఇంగేముంది వదినా, సముద్రమే గదా!" అంది చిన్నమ్మ.

"అయితే సముద్రం దాటనీ."

ఆ మాట అత్తగారు ఎంత మామూలుగా అందంటే, చిన్నమ్మ కూడా మామూలుగానే ఆలోచించి, వెంకటగిరికోటలో ఒక డ్రైవరు సెలవు మీద వచ్చి ఉన్నాడనీ, ఆ వారమే తిరిగి మస్కట్ పోతున్నాడనీ గుర్తు చేసుకుంది. ఆ రోజుల్లో గల్ఫ్‌కు వెళ్ళే ఏ మనిషీ తన సామాను తాను మోసేవాడు కాదు. పెట్టెలో సగం పక్కింటివాళ్ళ ఊరగాయ, సగం ఎదురింటివాళ్ళ మందులు. ఆ డ్రైవరు అప్పటికే మూడిళ్ళ నిమ్మకాయ పచ్చడి మోస్తూ, మా మూటను కూడా కాదనకుండా చంకన పెట్టుకున్నాడు. అత్తగారు అతనికి పదేపదే ఒకటే చెప్పి పంపింది. "అప్పా, నా కొడుకు నలుగురితో ఉండే గదిలో దీన్ని పెట్టొద్దని చెప్పు. వాళ్ళు కాపురముండబోయే ఇంట్లోనే పెట్టమను."

తర్వాత జరిగింది మా ఆయన ఉత్తరంలో రాసిందే, ఆ ఉత్తరాన్ని చిన్నమ్మ వీధి అరుగు మీద మేము ముగ్గురం ఒకరి భుజం మీదుగా ఒకరం చదివాము. తల్లి మాట జవదాటలేక ఆయన మూట పట్టుకుని ఆ ముసలాయన ఇంటికి వెళ్ళారు. ఇల్లు ఇవ్వకపోయినా సరే, ఈ మూటను మాత్రం ఆ ఇంట్లో ఒక మూల పెట్టనివ్వండని తన వచ్చీరాని హిందీలో, అంతకన్నా రాని అరబ్బీలో బతిమాలారు. ముసలాయనకు సహజంగానే అనుమానం వచ్చి, విప్పమన్నాడు. విప్పారు. చీర, గౌను, పసుపు, బియ్యం, వాటి మధ్యలోంచి దబ్బున జారిపడ్డాయి ఎర్రపట్టీల చిన్న చెప్పులు! అడుగున మా పుంగనూరు ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉందట.

మూట నాన్న దగ్గరికే పోతోందనుకుని, పుంగనూరులో ఆ రాత్రి అందరూ నిద్రలో ఉండగా దూర్చేసింది మా పాప.

ముసలాయన ఒక చెప్పును తీసి అరచేతిలో పెట్టుకుని చూసి, లోపలికి కేకేసి భార్యను పిలిచి చూపించాడట. ఆమె ఆ చెప్పు పక్కన తన మనవరాలి చెప్పు తెచ్చి పెట్టి, రెండూ ఒకే కొలత అని నవ్విందట. ఇల్లు సత్రం చేసే కుర్రాళ్ళు ఎన్నైనా చెప్పగలరు గానీ, ఇంత చిన్న చెప్పుల్ని వాడి, మట్టి చేసి తేలేరు కదా. ముసలాయన ఇంకేమీ అడగలేదు. మూట పెట్టుకోమన్నాడు, సంతకమూ పెట్టాడు. మూటకన్నా ముందు చెప్పులు తలుపు దగ్గర, లోపలికి ముఖం చేసి పెట్టింది మాత్రం ఆయన భార్యేనట.

ఉత్తరం అయిపోయాక మా అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఆమె కళ్ళు చెమర్చాయనుకున్నాను. ఆమె మెల్లగా మనవరాలి వైపు తిరిగి, "పరస్తానంలో చెప్పులు పెడ్తావంటే! చెప్పులు! పసుపూ బియ్యంలో!" అని చెవి మెలిపెట్టి, అదే చేత్తో ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది.

ఏడాది దాటకముందే వీసా వచ్చింది. మేము కుప్పం స్టేషనులో బండెక్కినప్పుడు సాగనంపడానికి చిన్నమ్మా అత్తగారూ తప్ప ఎవరూ రాలేదు. మూడో ఊరికి వచ్చేసరికి మేము పోతామన్న నమ్మకం జనంలో పోయింది మరి. ఎవరూ రవికగుడ్డ పెట్టని ఆ రోజే మేము నిజంగా వెళ్ళిపోయాము. మస్కట్‌లో ఆ ఇంటి గడప దగ్గర పాప తన చెప్పుల్ని చూసి ఒక్క ఉరుకున వెళ్ళి కాళ్ళు దూర్చింది. పట్టలేదు. ఎదురుచూపుల్లోనే కాళ్ళు పెరిగిపోయాయి. ఇల్లు సమయానికి అందింది, వీసా సమయానికి అందింది, చెప్పులే పాపం తొందరపడి ముందు వెళ్ళి ఆలస్యమయ్యాయి. పాప దిగులు పడలేదు. తండ్రి పాదం మీద తన పాదం పెట్టి, ఇల్లంతా అలాగే నడిచి చూసింది. ఇప్పుడు ఆ పాప కుప్పంలో లెక్చరరు. ఈ కథ చెబితే, అమ్మ పోపు పెడుతోంది అంటుంది. ఈ పోపు మాత్రం మాడలేదని నా మనవి.

ఇదంతా ఫోన్‌లో విని మా తమ్ముడి కూతురు కాసేపు నవ్వి పెట్టేసింది. తర్వాతి ఆదివారం మొగుడూ పిల్లతో మదనపల్లెలో మా ఇంటి ముందు కారు దిగి, చిన్న సంచి ఒకటి నా చేతికిచ్చింది. అందులో తనదో చీర, పిల్లదో గౌను.

"ఐర్లండ్ పడమరకు గదా, మదనపల్లె తూర్పు గదమ్మా," అన్నాను.

"భూమి గుండ్రంగా ఉండాది లే అత్తా, ఎట్ల పోయినా చేరతాము," అంది.

వాళ్ళు ఆ ఐర్లండ్ ఇంటిని ఇప్పటికే ఫోన్‌లో మూలమూలా చూసేశారు, గోడ రంగు, కుళాయి చప్పుడు, కిటికీలోంచి కనబడే చెట్టు అన్నీ తెలుసు. మేము చూడని ఇంటికి చేరి, చూసిన ప్రతి గదికీ ఆశ్చర్యపోయాము. వీళ్ళకు ఆ అవసరం లేదు, అది మంచిదే. కానీ ఈ సంచిని ముందుగా మోసుకుపోయే డ్రైవరు ఇప్పుడు ఎక్కడున్నాడు? ఈ సంచి మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని విమానాశ్రయంలో అడుగుతారు. ఇవ్వలేదనే చెప్పాలి. అడగడంలో తప్పేమీ లేదు, కాలం అలాంటిది. అయినా ఒకరి మూట ఇంకొకరు చంకన పెట్టుకుని సముద్రం దాటిన రోజులు నేను చూశాను గనుక, ఆ ప్రశ్న వినబడినప్పుడల్లా నాకు ఆ మూడిళ్ళ నిమ్మకాయ పచ్చడి వాసన వస్తుంది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆ ఐదేళ్ళ పిల్లను అడిగి, పాత చెప్పుల జత ఒకటి ఉంచుకున్నాను. సంచిలో పెట్టలేదు, మా అత్తగారంటే నాకు ఇప్పటికీ భయం. తలుపు పక్కన, వీధి వైపు ముఖం చేసి ఉంచాను. నిన్న ఫోన్‌లో మా తమ్ముడి కూతురు, వీసా ఇంకా రాలేదు గానీ దోరగా ఉందని చెప్పింది. పొద్దున ఊడ్చేటప్పుడు చీపురు తగిలి చెప్పులు పక్కకు తిరిగితే, వంగి మళ్ళీ వీధి వైపు తిప్పి పెట్టాను.