నల్లబట్ట మీద పడవ తాళ్లు

తొంభైల్లో దోహాలో నేను పనిచేసిన కుట్టుకొట్టు ఒక ఐర్లాండు మేడంది. అంత మొండిమనిషిని మళ్లీ చూడలేదు. ఏ కుట్టు చూపించినా "మా నానమ్మ ఒప్పుకోదు, విప్పు" అనేది. ఆ నానమ్మ ఎప్పుడో పోయింది. చేపలవేటకు వెళ్లే ఇంటివాళ్ల కోసం ఆమె ఉన్ని స్వెట్టర్ల మీద అల్లిన తాళ్ల మెలికలనే మేడం, అక్కడి ఆడవాళ్లు బట్టల పైన తొడుక్కునే నల్ల అబాయాల మీద నల్లదారంతో కుట్టించింది. అవి అమ్ముడుపోకపోతే కొట్టు మూసేయాలి.

"నలుపు మీద నలుపు ఎవరికి కనబడతది మేడం?" అన్నాను.

"యల్లా, కానీ, కుట్టు," అంది.

అమ్మకం రోజు చాలాసేపు ఎవరూ ముట్టలేదు. చివరికి అల్ రువైస్ అనే చేపలరేవు నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె మెలికలు తడిమి, "మా నాయన పడవ తాళ్లు" అంది. డబ్బిచ్చి, తొడుక్కుని అలాగే బయటికి నడిచింది. వెంట వచ్చిన ఆమె కోడళ్లు మిగిలినవన్నీ లాక్కున్నారు. ఒక కోడలికి దొరకలేదు. మేడం తానూ పైన తొడుక్కున్న మెలికల అబాయా తీసి ఆమె భుజాల మీద కప్పింది.